ఆటిజం ఉన్న చిన్న బిడ్డకు మామూలు బడిలో సాయం రాబట్టడం ఎలా

ఆటిజం ఉన్న బిడ్డను మామూలు బడిలో చేర్చాక తల్లిదండ్రులు టీచరుతో మొదట అనే మాట దాదాపు అందరిదీ ఒకటే: "కాస్త చూసుకోండి మేడమ్." ఆవిడ "తప్పకుండా" అంటారు. మనస్ఫూర్తిగానే అంటారు. నెల తిరిగేసరికి పరిస్థితి మొదటికే వస్తుంది. ముప్ఫై మంది పిల్లల మధ్య ఏ నిమిషంలో ఏం చేస్తే చూసుకున్నట్టో ఆవిడకు ఎవరూ చెప్పలేదు కదా.

కాబట్టి అడిగే ప్రతి సాయంలో నాలుగు సంగతులు ఉండాలి: ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేయాలి. "శబ్దాలంటే పడదండీ, జాగ్రత్త" అంటే వినేవాళ్ళు జాలిపడి ఊరుకుంటారు. "ఇంటర్వెల్ బెల్లు కొట్టడానికి రెండు నిమిషాల ముందు ఆయమ్మ చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్ తెచ్చి చేతికివ్వాలి" అంటే అది పని. జరిగిందో లేదో సాయంత్రం తెలిసిపోతుంది. కింద రాసినదంతా నర్సరీ నుంచి రెండో తరగతి దాకా ఉన్న పిల్లలను దృష్టిలో పెట్టుకున్నది.

అడిగే ముందు రెండు వారాలు రాసి పెట్టండి

ఒక నోటుబుక్కులో మూడు గళ్ళు గీయండి: అంతకు ముందు ఏం జరిగింది, అప్పుడు బిడ్డ ఏం చేసింది, ఆ తర్వాత ఏమైంది. టైము తప్పకుండా వేయండి. "ఈరోజు చాలా మొండి చేసింది" అని రాస్తే అది ఎవరికీ పనికిరాదు. "11:40. డ్రాయింగ్ సగంలో ఉండగా పుస్తకాలు మూసేయమన్నారు. క్రేయాన్లు విసిరి బల్ల కిందికి దూరింది. బయటికి పంపారు. 12:05కి మామూలైంది" అని రాస్తే సమస్య డ్రాయింగ్‌లో లేదనీ పనిని సగంలో ఆపమనడంలో ఉందనీ చదివినవాళ్ళకు అర్థమవుతుంది. మూడో గడిని కూడా ఇక్కడ గమనించాలి. బయటికి పంపడం టీచరు దృష్టిలో శిక్ష. గోల భరించలేని బిడ్డకు అదే వరం. మర్నాడు క్రేయాన్లు మళ్ళీ ఎగురుతాయి.

బడిలో జరిగేది మీకు కనిపించదు. ఆ గళ్ళు నింపడానికి వారానికి రెండు సార్లు టీచరును రెండే ప్రశ్నలు అడగండి: ఈరోజు ఎక్కువ ఇబ్బంది పడ్డది ఏ పీరియడ్‌లో, హాయిగా ఉన్నది ఏ పీరియడ్‌లో. రెండో ప్రశ్న మానకండి, సాయం ఎలా ఉండాలో చెప్పే జవాబు సాధారణంగా అందులోనే దొరుకుతుంది.

ఇంటికొచ్చాక మొదటి గంట కూడా రాయండి. బడిలో రోజంతా బిగబట్టుకుని, గడప దాటగానే బద్దలయ్యే పిల్లలు చాలామంది. "మా దగ్గర బాగానే ఉంటోందండీ, ఇంట్లోనే ఏదో సమస్య" అని స్కూలువాళ్ళు అన్నప్పుడు మీ దగ్గర ఉండే ఆధారం ఈ పేజీలే. బడి ఉన్న పది రోజులూ సెలవైన నాలుగు రోజులూ పక్కపక్కన పెట్టి చూపించండి. తేడా ఉంటే దానికదే కనిపిస్తుంది.

ఒకే ఒక్క కాగితం

డాక్టరు రిపోర్టు పది పన్నెండు పేజీలుంటుంది. దాన్ని ఆఫీసు ఫైల్లో పెడతారు. టీచరు చదివే తీరిక ఉండదు, ఆవిడ సెలవు పెట్టిన రోజు వచ్చే టీచరు అయితే దాని మొహం కూడా చూడరు. అందుకని బిడ్డ గురించి ఒక వైపు మాత్రమే ఉండే ఒక్క కాగితం రాయండి. ఫోటో, ఇష్టమైనవి, మాట్లాడే తీరు, బాధపెట్టేవి, కుదుటపరిచేవి. వాక్యాలు ఇలా ఉంటే చాలు:

"ముందు పేరు పిలవండి. ఒక్క మాట చెప్పి, మనసులో పది లెక్కపెట్టుకోండి. మధ్యలో మాట మార్చి మళ్ళీ చెబితే అర్థం చేసుకోవడం మొదటి నుంచి మొదలవుతుంది."

"కళ్ళలోకి చూడమని అడగొద్దు. కిటికీ వైపు చూస్తూ కూడా వింటుంది."

"చేతులు ఊపడం, ఊగడం ఆపించొద్దు. తనను తాను సర్దుకునే పద్ధతి అది."

"నొప్పి ఉంటే చెప్పదు. చెవి పట్టుకుని నేల మీద పడుకుంటే ఇంటికి ఫోన్ చేయండి."

"చెప్పినదాన్నే తిరిగి చెబుతుంది. 'నీళ్ళు కావాలా?' అని అంటే తనకు నీళ్ళు కావాలని."

ఈ చివరిది తప్పకుండా వివరించండి. పెద్దవాళ్ళు ఎప్పుడూ "ఆకలేస్తోందా?" అని అడిగాక అన్నం పెడతారు. బిడ్డ ఆ మాటను ఆ అన్నానికి పేరుగా పట్టుకుంటుంది. అందుకే తనకు ఆకలేసినప్పుడు టీచరు దగ్గరికెళ్ళి "ఆకలేస్తోందా?" అంటుంది. తెలియనివాళ్ళు ముద్దుగా పలకరిస్తోందనో, వెక్కిరిస్తోందనో అనుకుని నవ్వేసి ఊరుకుంటారు. బిడ్డ ఆకలితోనే ఉండిపోతుంది.

రిపోర్టును మాత్రం పారేయకండి, మీటింగుకు ఒక కాపీ కావాలి. అందులో "తరచుగా విరామాలు ఇవ్వాలి", "ప్రశాంతమైన వాతావరణం కల్పించాలి" లాంటివి ఉంటే, రాసిన డాక్టరునో థెరపిస్టునో అడిగి అంకెల్లోకి మార్పించండి: ప్రతి 20 నిమిషాలకు 3 నిమిషాలు, తలుపుకు దూరంగా గోడ పక్క సీటు. "తరచుగా" అన్న మాటకు మీ అర్థం వేరు, టీచరు అర్థం వేరు.

మీటింగు

పొద్దున గేటు దగ్గర టీచరును ఆపి మాట్లాడకండి. ఆ పది నిమిషాల్లో ఆవిడ చెవి మీ దగ్గర, కన్ను మిగతా పిల్లల మీద ఉంటాయి. రాతపూర్వకంగా ఒక అరగంట, ముప్పావుగంట టైము అడగండి. క్లాస్ టీచరుతో పాటు, నిర్ణయం తీసుకునే హోదా ఉన్నవాళ్ళు ఒకరు ఉండాలి. సీటు మార్చడం టీచరు చేతిలో ఉంటుంది, అసెంబ్లీ నుంచి మినహాయింపు ఇవ్వడం ఆవిడ చేతిలో ఉండదు. మీతో ఒకరిని తోడు తీసుకెళ్ళండి, వాళ్ళ పని నోట్సు రాసుకోవడమే.

మొదటి మీటింగులో మూడు అడగండి, పోనీ నాలుగు. పదిహేను అడిగితే అన్నిటికీ తలూపుతారు, ఒక్కటీ జరగదు. ఏ మూడు అన్నది నోటుబుక్కు చెబుతుంది: బిడ్డకు నష్టం ఎక్కువగా ఉన్నవి, బడికి ఖర్చు తక్కువగా ఉన్నవి ముందు.

"మీరు పట్టించుకోవడం లేదు" అంటే ఎదుటివాళ్ళు సమర్థించుకోవడంలో పడతారు. "పదకొండున్నరకు క్లాసులో ఏం జరుగుతుందండీ?" అని అడిగితే ఆ టైమును వాళ్ళే మీ ముందు పరుస్తారు. అదే రోజు సాయంత్రం ఒప్పుకున్నవన్నీ రాసి ఈమెయిల్ పంపండి: ఎవరు, ఏం, ఏ తేదీ నుంచి, మళ్ళీ ఎప్పుడు కలుస్తాం. నోటిమాటగా ఒప్పుకున్నది టీచరు మారిన రోజున ఆవిడతో పాటే వెళ్ళిపోతుంది.

చట్టం సంగతి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 24వ అధికరణం అందరితో కలిసి చదువుకునే హక్కు గురించి చెబుతుంది. బిడ్డ అవసరాన్ని బట్టి బడి తగిన సర్దుబాట్లు చేయాలని కూడా అందులోనే ఉంది. అలాంటి సర్దుబాటును నిరాకరించడం వివక్ష కిందికే వస్తుందని 2వ అధికరణం నిర్వచిస్తుంది. మీరున్న దేశం చట్టం ఏ మాట వాడుతోందో, ఫిర్యాదు ఎవరికి చేయాలో మీటింగుకు ముందే చూసి ఉంచుకోండి. అయితే మొదటి మీటింగులో ఆ చట్టం కాగితం బయటికి తీయొద్దని మా సలహా. రెండు సార్లు రాసినా జవాబు రానప్పుడు మూడో ఉత్తరంలో తీయండి. అప్పుడు దానికి బరువుంటుంది.

ఏం అడగాలి: పొద్దున్నుంచి సాయంత్రం దాకా

గేటు దగ్గర తోపులాట ఉంటే పది నిమిషాలు ముందు గానీ తర్వాత గానీ రానివ్వమనండి. రోజూ ఒకే మనిషి చేయి పట్టుకుని తీసుకెళ్ళడం, ఆ మనిషి రాకపోతే ఎవరన్నది ముందే అనుకోవడం.

సీటు విషయంలో అందరూ చేసే పొరపాటు మొదటి బెంచీ అడగడం. మొదటి బెంచీలో కూర్చుంటే గది గోలంతా వెనక నుంచి వస్తుంది, ఎవరు ఎప్పుడు తగులుతారో తెలియదు. చాలామంది పిల్లలకు గోడకు ఆనుకుని, గదంతా కనిపించే చోటు నయం. ఖాళీ క్లాసులో మీరే ఒకసారి ఆ సీట్లో కూర్చుని చూడండి. నెత్తిమీద ట్యూబ్‌లైటు మినుకుతోందా, ఫ్యాను టకటకమంటోందా, బాత్రూము వాసన వస్తోందా. పెద్దవాళ్ళు అలవాటుపడి మరిచిపోయేవన్నీ అక్కడ దొరుకుతాయి.

హెడ్‌ఫోన్లు అసెంబ్లీకి, బెల్లుకు, భోజనాల గదికి. రోజంతా పెట్టి ఉంచితే చెవి మరీ సున్నితం అవుతుందనీ, పాఠం కూడా వినపడకుండా పోతుందనీ థెరపిస్టులు హెచ్చరిస్తారు.

రోజులో ఏ పని తర్వాత ఏదో వరసగా చూపించే బొమ్మల టైంటేబుల్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాదాపు ప్రతి బడీ "మా దగ్గర ఉందండీ" అంటుంది, చాలా చోట్ల అది గోడకు అలంకారం. పనిచేసేది ఇలా ఉంటుంది. బిడ్డ బల్ల మీదే ఒక అట్ట, దానికి వెల్‌క్రోతో అంటించిన మూడు నాలుగు కార్డులు, పక్కన "అయిపోయింది" అని రాసిన చిన్న డబ్బా. పీరియడ్ అవగానే బిడ్డ స్వయంగా ఆ కార్డు పీకి డబ్బాలో వేయాలి. అలా పీకి వేయడమే అసలు కిటుకు, పని ముగిసిందని చేతికి తెలుస్తుంది. గీసిన బొమ్మలు అర్థం కాని బిడ్డకు ఫోటోలు వాడాలి. ఫోటోలు కూడా అందకపోతే వస్తువులే ఇవ్వాలి: బంతి ఇస్తే ఆటల పీరియడ్. నాలుగు కార్డులు ఎక్కువనిపిస్తే "ఇప్పుడు", "తర్వాత" అని రెండే గళ్ళు.

ఇది ఎక్కడ చెడుతుందంటే, బిడ్డ ఏడుస్తున్నప్పుడు మాత్రమే అట్ట బయటికి తీస్తారు. వారం తిరిగేసరికి అట్ట కనిపిస్తేనే ఏడుపు మొదలవుతుంది. ఇంకోటి, మార్పులు చూపించరు. పి.టి. సారు రాని రోజు కూడా బంతి బొమ్మ అలాగే ఉంటుంది, ఇక ఆ అట్టను బిడ్డ ఎందుకు నమ్మాలి? "మార్పు" అని ఒక కార్డు ఉండాలి. దాన్ని మొదటి కొన్నిసార్లు మంచి మార్పులకే వాడాలి: లెక్కల బదులు బొమ్మలు వేయడం లాంటివి. ఆ కార్డుకు భయపడని స్థితి వచ్చాక అసలైన మార్పులు చూపించవచ్చు.

పని ఆపించాలంటే ముందుగా హెచ్చరిక. "ఇంకో ఐదు నిమిషాలు" అన్నది చెవిన పడి పోయే మాట. ఇసుక గడియారమో, రంగు తరిగిపోతూ కనిపించే టైమరో బల్ల మీద పెడితే మిగిలిన కాలం కంటికి కనబడుతుంది. పూర్తికాని పని పెట్టుకోవడానికి ఒక ట్రే ఇచ్చి, మళ్ళీ ఎప్పుడు తీస్తామో అట్ట మీద చూపిస్తే సగం గొడవలు తగ్గుతాయి.

ఇక టీచరు మాట్లాడే తీరు. తెలుగులో "వద్దు" అనే అర్థం క్రియ చివర చిన్న అక్షరంలో దాగి ఉంటుంది. "పరిగెత్తకు" అన్నప్పుడు బిడ్డకు ముందు వినిపించేది "పరిగెత్త", అప్పటికే కాళ్ళు కదులుతాయి. "నడువు" అనమనండి. "పుస్తకం తీస్తావా?" అని అడిగితే "తీయను" అని నిజాయతీగా జవాబు వస్తుంది. అది పొగరు కాదు, అడిగింది ప్రశ్న, ఇచ్చింది జవాబు. "పుస్తకం తియ్యి నాన్నా" అంటే తీస్తుంది. "చెవులు ఎక్కడ పెట్టుకున్నావ్?" అంటే చెవులు తడిమి చూసుకునే పిల్లలుంటారు. "అందరూ లేవండి" అన్నప్పుడు ఆ అందరిలో తానూ ఉన్నానని తట్టకపోవచ్చు, పేరు పెట్టి పిలవాలి.

విరామం కార్డు. భరించలేని స్థితి వచ్చేలోపే బిడ్డ ఒక కార్డు చూపించి ప్రశాంతమైన మూలకు వెళ్ళవచ్చు. దీన్ని గొడవ మధ్యలో నేర్పలేం. మనసు బాగున్నప్పుడు రోజుకు నాలుగైదు సార్లు ఆటలా నేర్పాలి. మొదటి రెండు మూడు వారాలు చూపించిన ప్రతిసారీ ఒప్పుకోవాలి, గంటకు పదిసార్లు చూపించినా సరే. "ఈ లైను రాసి వెళ్ళు" అని ఒక్కసారి బేరం పెడితే కార్డు మీద నమ్మకం పోతుంది, మళ్ళీ క్రేయాన్లు విసరడమే గతి. అలవాటు కుదిరాక లెక్క తగ్గించవచ్చు. ఒక షరతు: తప్పు చేసిన పిల్లలను నిలబెట్టే చోటు ఈ మూల కాకూడదు.

ఇంటర్వెల్ అందరికీ విశ్రాంతి, ఈ బిడ్డకు చాలాసార్లు రోజులోకెల్లా కష్టమైన పావుగంట. రూలు లేదు, గోల ఉంది, ఎవరు ఎటు నుంచి తగులుతారో తెలియదు. ఒకరిద్దరు పిల్లలతో, మొదలూ చివరా ఉన్న ఆట ఒకటి, ఏడెనిమిది నిమిషాలు. మిగతా సమయం ఒంటరిగా ఉంటానంటే ఉండనివ్వాలి. హోమ్‌వర్క్ చేయలేదని ఇంటర్వెల్ కోయకూడదన్నది ఒప్పందంలో రాయించండి. భోజనాల గదికి పది నిమిషాలు ముందు పంపడం, తిననిదాన్ని బలవంతంగా తినిపించకపోవడం కూడా.

బాత్రూము గురించి ఎవరూ అడగరు. ఫ్లష్ చప్పుడుకో, వాసనకో, తడి నేలకో భయపడి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపుకునే పిల్లలున్నారు. వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు మానేస్తారు, మలబద్ధకం వస్తుంది, మధ్యాహ్నం చిరాకు మొదలవుతుంది, దానికి "బిహేవియర్" అని పేరు పడుతుంది. నీళ్ళ సీసా నిండుగా తిరిగొస్తోందేమో చూడండి. ఖాళీగా ఉండే టైములో, పిలిచి, రోజూ రెండు నిర్ణీత వేళల్లో పంపమని అడగండి.

కుప్పకూలినప్పుడు

భరించలేక బిడ్డ ఇలా కుప్పకూలడాన్ని మెల్ట్‌డౌన్ అంటారు. అది మారాం కాదు. మారాం చేసే బిడ్డ అడిగింది ఇస్తే ఆగుతుంది, ఎవరైనా చూస్తున్నారా అని ఓరకంట చూస్తుంది. మెల్ట్‌డౌన్‌లో ఉన్న బిడ్డకు ఆపుకునే శక్తే ఉండదు, ఏమిచ్చినా అందదు. దీనికి ఒక పేజీ ప్లాను ముందే రాయించి పెట్టుకోవాలి. ముందు కనిపించే గుర్తులు: కూనిరాగం పెద్దదవడం, చెవులు మూసుకోవడం, గోడ వెంట తిరగడం. మీ బిడ్డవి మీకే తెలుసు. ఆ దశలోనే పని ఆపించి మూలకు తీసుకెళ్ళాలి. దాటిపోతే ఒక్కరే మాట్లాడాలి, అదీ రెండు మూడు మాటలు. మిగతా పెద్దవాళ్ళు మిగతా పిల్లలను పక్కకు తీసుకెళ్ళాలి. ప్రమాదం ఉంటే తప్ప పట్టుకోకూడదు. శాంతించినట్టు కనిపించాక కూడా కనీసం అరగంట ఏ పనీ పెట్టకూడదు.

చెడేది సాధారణంగా రెండు చోట్ల. ముగ్గురు పెద్దవాళ్ళు చుట్టూ చేరి తలా ఒక మాట చెబుతారు. లేదంటే కాస్త ఊపిరి తీసుకోగానే "సారీ చెప్పు" అంటారు, మళ్ళీ మొదలు. చెయ్యి వేసి పట్టుకోవడం, గదిలో విడిగా ఉంచడం మీద బడి రూలు ఏమిటో రాతలో అడగండి, జరిగితే అదే రోజు మీకు చెప్పాలని కూడా.

"వచ్చి తీసుకెళ్ళండి" అని ఫోన్లు మొదలైతే ప్రతిసారీ తేదీ, టైము, కారణం రాయించుకోండి. రాత లేకుండా తీసుకొస్తే, ఏడాది చివర లెక్కలో బిడ్డ రోజంతా బడిలో ఉన్నట్టే కనిపిస్తుంది. సాయం చాలలేదన్న మీ మాటకు ఆధారం ఉండదు.

షాడో టీచరు

క్లాసులో బిడ్డకు సాయంగా పక్కన ఒక మనిషి, అంటే షాడో టీచరు, ఉంటే అన్నీ సర్దుకుంటాయన్నది సగం నిజం. ఆ మనిషి పక్కనే అతుక్కుని కూర్చుంటే క్లాస్ టీచరు బిడ్డతో మాట్లాడటం మానేస్తారు, తోటి పిల్లలు దగ్గరికి రారు, అక్షరాలు కూడా ఆ మనిషి చేయి పట్టుకునే పడతాయి. ఆమె రాని రోజు "ఈరోజు పంపకండి" అంటారు. అందుకని మూడు షరతులు: పక్కన కాకుండా వెనక గానీ కాస్త దూరంగా గానీ కూర్చోవాలి, రోజుకు ఒక్క పాఠమైనా క్లాస్ టీచరు స్వయంగా బిడ్డకు చెప్పాలి, ఏ పీరియడ్‌లో సాయం ముందు తగ్గించాలో మొదటి నెలలోనే రాసుకోవాలి.

బడి అనే మాటలు

"ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు." కళ్ళజోడు పెట్టుకున్న పిల్లను చూసి ఎవరూ అడగరు కదా అనండి, వాదన పెంచకండి. "ఇంట్లో నేర్పి పంపండి." క్లాసు గోలలో ఎలా ఉండాలో ఇంట్లో నేర్పడం కుదరదు, అక్కడికి ఆ గోల రాదు. "స్పెషల్ స్కూలే మంచిదేమో." ఒప్పుకున్న మూడు సర్దుబాట్లు ఎన్ని వారాలు, ఎన్ని రోజులు జరిగాయో రాసి చూపించమనండి. జరగకుండానే ఈ మాట వస్తే ముందు అవి జరగనివ్వమనండి. జరిగాక కూడా బిడ్డ రోజూ నలిగిపోతుంటే, ఆ ప్రశ్నను మీరూ మనస్ఫూర్తిగా ఆలోచించాల్సిందే.

తిరిగి చూసుకోవడం

ఏ మార్పుకైనా కనీసం రెండు వారాలు ఇవ్వండి. మొదటి మూడు నాలుగు రోజులు కొత్త వల్లే గొడవ పెరగవచ్చు, అప్పుడే తీసేస్తే ఏమీ తేలదు. లెక్కించగలిగిన ఒక్కదాన్నే లెక్కించండి: వారంలో ఎన్నిసార్లు బల్ల కిందికి వెళ్ళింది, బడి నుంచి వచ్చాక ఎన్ని నిమిషాలకు కుదుటపడింది. ఆరు వారాలకు ఒకసారి పావుగంట కూర్చుని చూసుకుంటే చాలు.

అంతా బాగున్నప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. "ఇప్పుడు బాగానే ఉంది కదా, కార్డులు ఎందుకు" అని తీసేస్తారు. కార్డులు ఉన్నందుకే బాగుంది. తీయాలంటే ఒక్కొక్కటిగా, ఒక్కో పీరియడ్‌లో, వెనక్కి పెట్టే వీలు ఉంచుకుని తీయాలి.

క్లాసు మారే ముందు, సెలవులు మొదలవక మునుపే, ఖాళీగా ఉన్న కొత్త గదికి రెండు మూడు సార్లు తీసుకెళ్ళమనండి. గది, కొత్త టీచరు, బాత్రూము ఫోటోలు తీసి సెలవుల్లో బిడ్డకు చూపిస్తుండండి. పాత టీచరూ కొత్త టీచరూ కలిసి కూర్చునే పది నిమిషాలు అడిగి సాధించండి. కాగితాన్ని కొత్తగా రాయండి, పైన తేదీ వేయండి, ఏడాది నాటి ఇష్టాలు కొట్టేయండి. పోయినేడు రైళ్ళంటే ప్రాణం పెట్టిన బిడ్డ ఇప్పుడు లిఫ్టుల మీద పడి ఉండవచ్చు. కొత్త టీచరు మొదటి రోజు రైలు బొమ్మ పట్టుకుని నిలబడితే ఇద్దరికీ ఇబ్బంది.